గెలవని పుస్తకాలకు జవాబు రాసిన అక్క

ఈ ఏటి బహుమతికి వచ్చిన పార్శిళ్ళు విప్పుతుండగా పెరంబూరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది అక్క చెల్లెలు. తమిళంలో మొదలుపెట్టి, ఫోనెత్తింది నేనని తెలిశాక తెలుగులోకి వచ్చింది. "అక్క తెల్లారేసరికి పోయింది మా. నిద్దర్లోనే. కష్టమేమీ పడలేదు. సాయంత్రం నాలుగింటికి తీస్తారు. ఆఫీసులో అందరికీ చెప్పేసెయ్" అంది. సరే అన్నాను. చేతిలో సగం కోసిన పార్శిలు అలాగే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళి మేనేజరు గారికి చెప్పాను.

అక్క నాకు చుట్టం కాదు. ఆఫీసులో అందరం అక్కా అనేవాళ్ళం. బయటివాళ్ళు ప్రైజు అక్క అనేవాళ్ళు. మాది పురసవాక్కంలో ఒక చీరల కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండే ధర్మసంస్థ. ఒక బట్టల వ్యాపారి కుటుంబం పెట్టిన ట్రస్టు. చిన్న గ్రంథాలయాలకు, వీధి బడులకు, చెవుడు ఉన్న పిల్లల పరికరాలకు నిధులు ఇస్తుంది. వీటితో పాటు, తమిళనాట ఉంటూ తెలుగులో మొదటి పుస్తకం వేసుకున్న వాళ్ళలో ఒకరికి ఏటా బహుమతి ఇస్తుంది. ఆ బహుమతి పని మొదలైన రోజు నుంచి రిటైరయ్యేదాకా చూసింది అక్క. నేను పెళ్ళై చీరాల నుంచి ఈ ఊరొచ్చి, ఈ ట్రస్టులో ప్రచారం పనికి చేరాను. సంస్థ పత్రిక, వార్షిక నివేదిక, పేపర్లకు ప్రకటనలు, సోషల్ మీడియా, సభల ఫోటోలు, అన్నీ అప్పట్లో నావే.

ఆ పని ఇప్పుడు నాది కాకపోయినా, అక్క పోయిన సంగతి ప్రకటనగా రాసింది నేనే. ఫోటో కావాలన్నారు. బహుమతి సభల ఫోటోలు ఏళ్ళవారీగా నా కంప్యూటర్లో ఉన్నాయి. అన్నీ వెతికాను. రచయితలున్నారు, జడ్జీలున్నారు, ట్రస్టీలున్నారు, ముందు వరసలో కూర్చుని ఆవలించే అతిథులున్నారు. అక్క లేదు. ఒకదాంట్లో శాలువా అందిస్తున్న మోచెయ్యి మాత్రం ఉంది. ఆమె కెమెరాకు దొరక్కుండా తిరిగిందని చెప్పడం సులువే. కానీ అన్ని సభల్లోనూ కెమెరా పట్టుకున్నది నేను. ఒక్కసారైనా ఆమె వైపు తిప్పలేదు. చివరికి ఆఫీసు గుర్తింపు కార్డు మీది ఫోటో పెట్టాం. ప్రకటనకు ఆరు వరసల చోటిచ్చారు. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

అక్క వాళ్ళది ఎన్నో తరాల క్రితం ఈ ఊరొచ్చిన కుటుంబం. నాన్న పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో వడ్రంగి. తెలుగు ఐదో తరగతి వరకే బడిలో చదువుకుంది. ఆ తర్వాతది చదివి చదివి వచ్చిన తెలుగు. మాట్లాడేటప్పుడు సగం తమిళం కలిసేది. రాసేటప్పుడు మాత్రం ఒక్క దీర్ఘం తప్పేది కాదు. నేను చేరిన కొత్తలో నా మాట విని, "మీ ఊరి తెలుగు బాగుండాది మా, రేడియో వింటా ఉన్నట్టు ఉండాది" అంది. అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు ఇప్పటికీ తెలియదు.

పార్శిలు వస్తే ఆమె తాడు కత్తిరించేది కాదు. ముడి విప్పేది. "ఎవురో ఇంత గట్టిగా కట్టి పంపించుండారు, మనం చరచరా కోసేస్తే ఎట్లా" అనేది. పుస్తకం తెరవగానే ముందు ప్రచురణ వివరాల పేజీ చూసేది. ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ, రచయిత ఉండేది ఎక్కడ. అవన్నీ సరిపోతేనే రిజిస్టరులో ఎక్కించేది. నాలుగు ప్రతులు పంపమంటే కొందరు మూడే పంపేవాళ్ళు. గడువు అయిపోయిందని పక్కన పడెయ్యకుండా ఫోన్ చేసి నాలుగోది తెప్పించేది. ఈ రిజిస్టరు చూసి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. కంప్యూటరు ఉండగా రిజిస్టరు దేనికని అడిగాను ఒకసారి. "ఆడ దిద్దితే దిద్దినట్టు తెలీదు. ఈడ కొట్టేసింది కూడా కనపడతాది" అంది.

జడ్జీల ముందు ఆమె నోరు విప్పేది కాదు. వచ్చిన ప్రతి పుస్తకం ఆమె చదివేదని మా అందరికీ తెలుసు. ఏది నచ్చిందో మాత్రం తెలియదు. ఒక ఏడు జడ్జీలు మధ్యాహ్నం దాకా తేల్చుకోలేక, వాళ్ళలో పెద్దాయన ఆమె వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా, మీకేది నచ్చింది?" అని అడిగారు. అక్క కాఫీ ఫ్లాస్కు ఎత్తి, "చక్కెర చాలునా సార్, ఇంకొంచెం వేసేదా?" అంది. అంతే.

బహుమతి ఒకరికి వస్తుంది. రాని వాళ్ళు నలభై మందో యాభై మందో ఉంటారు. సభ ముగిసిన మర్నాటి నుంచి అక్క వాళ్ళకు ఉత్తరాలు మొదలుపెట్టేది. చేత్తో, ఒక్కొక్కరికి ఒక్కో ఉత్తరం. అయ్యేసరికి రెండు నెలలు పట్టేది. నేను చేరిన రెండో ఏడు, అందరికీ ఒకే మెయిల్ పంపేద్దామని ఒక నమూనా రాసి చూపించాను. మీ కృషి అభినందనీయం, దురదృష్టవశాత్తూ ఈసారి మీ పుస్తకం ఎంపిక కాలేదు, ఆ రకంగా. అక్క కళ్ళద్దాలు సర్దుకుని మొత్తం చదివింది. "బాగుండాది. పంపు" అంది. "మరి మీ ఉత్తరాలు ఆపేస్తారా అక్కా?" అన్నాను. "నువ్వు పంపేది నువ్వు పంపు. నేను పంపేది నేను పంపుతా" అంది. ఆ ఏడు అందరికీ రెండూ వెళ్ళాయి.

ఇక నేను చేసిన తప్పు సంగతి.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. జడ్జీలు పేరు తేల్చాక గెలిచిన రచయితకు ఫోన్ చేసేది అక్క ఒక్కతే. మొదట "మీ పుస్తకం పేరేంది సార్?" అని వాళ్ళ నోటితో చెప్పించేది. తర్వాత ఊరు చెప్పించేది. ఆ తర్వాతే అసలు మాట. ఇదంతా చాదస్తంగా కనిపించేది నాకు. ఆ ఏడు జడ్జీల సమావేశం మధ్యాహ్నమే ముగిసింది. పెద్ద జడ్జీ గారిని సెంట్రల్‌లో రైలెక్కించడానికి అక్క వెళ్తూ, "నేనొచ్చి ఫోన్ చేస్తా, అందాకా ఎవురికీ చెప్పొద్దు" అంది. నేను తలూపాను.

అప్పట్లో మా ట్రస్టీలు ప్రతి సమావేశంలోనూ వీడియోలు కావాలని అడుగుతున్నారు. బహుమతి వచ్చిందని విన్న క్షణంలో రచయిత గొంతు రికార్డు చేస్తే ఎంత బాగుంటుందో అని నాకు ముందు నుంచీ ఉంది. అక్క ఉంటే ఒప్పుకోదు. ఆమె వచ్చేలోపు చేసేస్తే తర్వాత ఏమంటుందిలే అనుకున్నాను. కంప్యూటర్లో పేరు కొట్టాను. మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేసి, ట్రస్టు పేరు చెప్పి, "సార్, మీ పుస్తకానికి ఈ ఏడు బహుమతి వచ్చిందండీ" అన్నాను.

అవతల ఒక పెద్దాయన గొంతు. "ఇంకోసారి చెప్పమ్మా." చెప్పాను. "నిజమేనా? నాకేనా?" అన్నాడాయన. తర్వాత ఇంట్లో ఎవరినో పిలవడం వినిపించింది. నేను అనుకున్నదాని కన్నా బాగా వచ్చింది రికార్డింగు. రైలు ఆలస్యమైందని, ఇటు నుంచి ఇటే ఇంటికి పోతున్నానని అక్క మెసేజ్ పెట్టింది. మర్నాడు చూపించి ఆశ్చర్యపరుద్దామని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె బ్యాగు కూడా కింద పెట్టకముందే వినిపించాను. మొదట ముఖం ముడుచుకుంది, చెప్పిన మాట విననందుకు. తర్వాత రికార్డింగులో ఆయన "రేపీపాటికి రాయపురమంతా తెలిసిపోతాది" అన్న చోట చెయ్యెత్తి ఆపమంది.

"హోసూరు ఆయనకి రాయపురంతో ఏం పని?" అంది.

రిజిస్టరు తీసింది. ఒకే పేరుతో ఇద్దరున్నారు. ఇంటిపేర్లు వేరు. గెలిచింది హోసూరులో స్కూలు మాస్టారు. నేను ఫోన్ చేసింది రాయపురంలో ఉండే హార్బరు గుమాస్తాకు, రిటైరైన ఆయనకు. రిజిస్టరులో రెండు పేర్ల పక్కనా ఎర్ర సిరాతో "ఇద్దరున్నారు, జాగ్రత్త" అని ఆమె రాసి పెట్టింది. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు ఆ ముక్క నేను వదిలేశాను.

మేనేజరు గారు వెంటనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పమన్నారు, వెనకే ఒక మెయిల్ కూడా పంపమన్నారు. అక్క మాత్రం బ్యాగు మళ్ళీ భుజానికి తగిలించుకుంది. "ఫోన్లో ఇచ్చింది ఫోన్లో తీసుకుంటే బాగుండదు సార్. నేను పోయొస్తా" అని, నా వైపు తిరిగి, "చెప్పులేసుకో" అంది.

ఆటోలో ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. రాయపురంలో వాళ్ళ సందు వెతకక్కర్లేకుండానే దొరికింది. సందు మొదట్లో ఫ్లెక్స్ బ్యానరు కట్టి ఉంది. ఆయన ఫోటో, పక్కన ఆయన పుస్తకం అట్ట, కింద వీధి కుర్రాళ్ళ సంఘం పేరు. ఒక్క సాయంత్రంలో చేయించారు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. చేపల బుట్టలు మోసుకుపోతున్న ఆడవాళ్ళు కూడా ఆగి ఆయనకు ఏదో చెప్పి వెళ్తున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేం ట్రస్టు నుంచి వచ్చామనగానే, "రండి, రండి" అని కేక పెట్టి, లోపలికి తిరిగి కేసరి తెమ్మన్నాడు.

అక్క కూర్చోలేదు. "సార్, మీతో ఒక్క నిమిషం లోపల మాట్లాడాల" అంది. లోపలి గదిలో మంచం, ఒక బీరువా, పుస్తకాల కట్టలు. తలుపు దగ్గరికి వేసి చెప్పింది.

"నిన్న మీకు వచ్చిన ఫోను తప్పు ఫోను సార్. బహుమతి మీ పేరే ఉండే ఇంకొకాయనకి వచ్చింది. మా ఆఫీసు తప్పు చేసింది. మీది ఏ తప్పూ లేదు."

ఇంతే చెప్పింది. వివరించలేదు. సర్ది చెప్పలేదు. నేను, "నేనేనండీ ఫోన్ చేసింది" అన్నాను. నా మాట ఎవరూ విన్నట్టు లేదు. ఆయన మంచం మీద కూర్చున్నాడు. చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు. బయట ఎవరో నవ్వుతున్నారు.

ఆయన, "నా పుస్తకం మీరు చదివినారా, లేకుంటే అది కూడా తప్పేనా?" అన్నాడు.

"జడ్జీలు ముగ్గురూ చదివినారు. నేను చదివినా. ఈ పాప చదవలేదు, ఇంక చదువుతాది" అంది అక్క. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. అక్క మళ్ళీ అంది. "హార్బరు గేటు కాడ మీ ఇంటామె అన్నం తెచ్చే ఘట్టం రాసినారే. వాచ్‌మన్ లోపలికి వదలడు. కమ్మీలకి ఆ పక్క మీరు, ఈ పక్క ఆమె, కమ్మీల సందులో చెయ్యి పెట్టి ఇద్దరూ ఒకే డబ్బాలో తింటారు. అది చదివి నేను పుస్తకం మూసేసి కొంచెం సేపు ఊరికే కూర్చున్నా."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత, "ఇంట్లో దానికి నేను చెప్పలేనమ్మా. మీరే చెప్పండి" అన్నాడు.

వంటింట్లో ఆయన భార్య కేసరి పళ్ళేల్లో పెడుతోంది. అక్క ఆమె పక్కన నిలబడి, ఆయనకు చెప్పినట్టే రెండు మాటల్లో చెప్పింది. ఆమె గరిటె కింద పెట్టింది. "అయ్యయ్యో" అని, ఆ వెంటనే, "ఆయన ఏం చేస్తా ఉండాడు?" అంది. కూర్చుని ఉన్నాడని అక్క చెప్పింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు చదవను రాదమ్మా. రెండేళ్ళు రాస్తానే ఉన్నాడు. ఏం రాసినాడో అడిగితే హార్బరు సంగతిలే అనేవాడు. నువ్వు చదివినావా?"

"చదివినా. మీరు ఉండారు దాంట్లో."

"నేనా? నేను దేనికి?"

అక్క చెప్పడం మొదలుపెట్టింది. గేటు, కమ్మీలు, ఎండ, వాచ్‌మన్ అటు తిరిగి నిలబడటం. ఆమె కళ్ళు పెద్దవి చేసి వింది. మధ్యలో, "అవును, అవును, ఆ వాచ్‌మన్‌ది తిరువళ్ళూరు" అంది. అక్క, "డబ్బాలో ఏం కూరో మాత్రం ఆయన రాయలేదు" అంది. "నెత్తళ్ళ పులుసు" అంది ఆమె, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. అప్పుడు ఏడ్చింది. బహుమతి పోయినందుకో, పుస్తకంలో తను ఉన్నందుకో నేను చెప్పలేను. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, రెండు పళ్ళేలు తీసి మా చేతుల్లో పెట్టింది. "చేసింది చేసినట్టే ఉండాది. తినిపోండి" అంది. అక్క అక్కడే నేల మీద కూర్చుని మొత్తం తింది. నేను పళ్ళెం పట్టుకునే నిలబడ్డాను. అక్క నా వైపు చూసిన చూపుకు భయపడి నేనూ తిన్నాను.

బయటికి వచ్చాక ఆమె నేరుగా సందు మొదటికి, బ్యానరు కట్టిన కుర్రాళ్ళ దగ్గరికి నడిచింది. ఆయన చేత చెప్పించకూడదని ఆమె ఉద్దేశం. జరిగింది తమిళంలో చెప్పింది. వాళ్ళలో ఒకడు మండిపడ్డాడు. ఇంత పెద్ద ఆఫీసు పెట్టుకుని పేరు కూడా సరిగ్గా చూసుకోలేరా, మేం చేపలమ్ముకునే వాళ్ళమని మా పెద్దాయనతో ఆడుకుంటున్నారా అని అరిచాడు. జనం మూగారు. అక్క చేతులు కట్టుకుని నిలబడి అతను అలిసిపోయేదాకా వింది. "నువ్వు చెప్పేది సరి తంబీ" అని ఒక్కటే అంది. అప్పటికి ఆమెకు యాభై ఏడేళ్ళు. ఎండ మాడు మీద ఉంది. ఆ అరుపులన్నీ నాకు రావలసినవి.

తిరుగు ఆటోలో నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఏడ్చేది ఇంటికి పోయి ఏడువు. హోసూరు ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆయన సంతోషాన్ని మన తప్పుతో తడపకూడదు" అంది అక్క. ఆఫీసుకు రాగానే రిజిస్టరు తెరిచి, ఆ పేరు మీద వేలు పెట్టి, ఫోను నా ముందుకు జరిపింది.

"మీరు చెయ్యండక్కా" అన్నాను.

"నువ్వే చెయ్. ఈ పొద్దు చెయ్యకపోతే ఇంక ఎప్పుడూ ఫోనంటే భయపడతావు. ముందు పుస్తకం పేరు అడుగు."

అడిగాను. ఊరు అడిగాను. రెండూ సరిపోయాక చెప్పాను. మాస్టారు గారు ఎంతో సంతోషించారు. నేను రికార్డు చెయ్యలేదు. నేను మాట్లాడినంతసేపూ అక్క వేలు ఆ పేరు మీదనే ఉంది.

ట్రస్టీలకు పంపిన నివేదికలో అక్క రాసింది ఒకటే వాక్యం. బహుమతి విభాగం పొరపాటు వల్ల ఒక రచయితకు తప్పు సమాచారం వెళ్ళిందని, స్వయంగా వెళ్ళి సరిదిద్దామని. బహుమతి విభాగమంటే ఆమె ఒక్కతే. మరుసటి ఏడు గెలిచిన వాళ్ళకు ఫోన్ చేసే పని ఆమె నుంచి తీసేసి ఒక ట్రస్టీ గారికి ఇచ్చారు. ఆయన ఫోన్ చేస్తుంటే ఆమె పక్కన నిలబడి రిజిస్టరు పట్టుకుంది. ఎందుకు మార్చారో నాకప్పుడు తెలియదు. పాత ఫైళ్ళు సర్దుతూ ఆ నివేదిక చూసినప్పుడు తెలిసింది. వెళ్ళి అడిగాను, నా పేరెందుకు రాయలేదని. "నీకు ఉద్యోగం పోయుంటాది. నాకు ఒక ఫోను పోయింది. ఇదేం కష్టమైన లెక్క కాదు కదా" అని మళ్ళీ తన ఉత్తరాల్లో పడింది.

తప్పు జరిగిన ఆ ఏడే ఉత్తరాల్లో ఒకటి నాతో రాయించింది. రాయపురం ఆయనకు. ముందు పుస్తకం చదవమంది. మూడు రోజుల్లో చదివాను. నాలుగుసార్లు రాశాను. మొదటి మూడు ఆమె కొట్టేసింది. "అభినందనీయం కొట్టెయ్. అమూల్యం కొట్టెయ్. ఇది పుస్తకం తెరవనోళ్ళు కూడా రాస్తారు. చదివినోళ్ళకి మాత్రం తెలిసే మాట ఒకటి రాయి. ఒకటి చాలు." నాలుగోసారి, సరుకుల పేర్లతో ఆయన తన కూతురికి అక్షరాలు నేర్పిన సంగతి గురించి రాశాను. అది పంపింది. పుస్తకం పంపిన వాళ్ళు మన మెప్పు కోసం కాచుకోరని, ఎవరైనా చదివారా అని తెలుసుకోవడానికి కాచుకుంటారని ఆమె అనేది. ఆ తర్వాత నా మెయిల్ నమూనా నేనే తీసేశాను.

రాయపురం నుంచి జవాబు రాలేదు. రెండేళ్ళ తర్వాత ఒక పోస్టుకార్డు వచ్చింది. క్షేమ సమాచారాలు లేవు. మా సంస్థ పత్రికలో అచ్చుతప్పులు, పేజీ నంబర్లతో సహా, పదకొండు. కింద సంతకం. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం కార్డు తిప్పి తిప్పి చూసి పగలబడి నవ్వింది. "చూడు మా, మన పత్రిక చదువుతా ఉండాడు! ఇంత జాగ్రత్తగా ఎవురు చదువుతారు దాన్ని?" అంది. తర్వాతి సంచిక అచ్చుకు వెళ్ళే ముందు ప్రూఫులు ఆయనకు పంపమంది. పంపాను. దిద్ది పంపాడు. అప్పటి నుంచి మా ప్రూఫులన్నీ ఆయనే చూస్తున్నాడు. ఈ వ్యాసం కూడా ఆయన చూశాకే మీ చేతికి వస్తోంది. ఆయన సంగతులున్నాయి కనుక ఆయన అనుమతి కూడా అడిగాను. అభ్యంతరం లేదన్నాడు. నేను డబ్బాలో సొరచేప పిట్టు అని రాస్తే కొట్టేసి, నెత్తళ్ళ పులుసు అని, మా ఇంటామె దిద్దించింది అని అంచున రాశాడు. అక్క పోయిన సంగతి నేను ఫోన్లో చెప్పినప్పుడు ఇద్దరూ ఒకే ఫోన్లో విన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన పెరంబూరు రాలేకపోయాడు. ఆయన భార్య వచ్చింది. అక్క చెల్లెలి పక్కన కూర్చుని, ఆ ఇంట్లో ఆ రోజంతా వచ్చేపోయే వాళ్ళకు నీళ్ళిచ్చింది.

అక్క రిటైరై రెండేళ్ళు. గుండె సంగతి ఏడాదిగా తెలుసు. నేను నెలకోసారి వెళ్ళేదాన్ని. బహుమతికి ఏ పుస్తకాలొచ్చాయో చెప్పబోతే చెవులు మూసుకునేది. "నేను ఇప్పుడు బయట మనిషిని. నాకు చెప్పకూడదు" అనేది. నిజంగానే వినేది కాదు. ఆమె కుర్చీలో ఇప్పుడు నేనే ఉన్నాను. ప్రచారం పనికి వేరే అమ్మాయి వచ్చింది. ఫోన్ చేసే ముందు పుస్తకం పేరు అడగాలని ఆ అమ్మాయికి నేను మొదటి రోజే చెప్పాను. చాదస్తమనే అనుకుని ఉంటుంది.

ఆమె నడవగలిగి ఉండగా నేను ఆఖరిసారి వెళ్ళింది రెండు నెలల కిందట, ఒక ఆదివారం మధ్యాహ్నం. వద్దంటున్నా వినకుండా స్టేషను దాకా వచ్చింది. చేతిలో ఒక నవల ఉంది. ఎలా ఉందని అడిగాను. "ఇంకా తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు ఇప్పుడు. ఇన్నేళ్ళు చదివిందంతా ఎవురికో ఒకరికి జవాబు చెప్పేదానికి. ఇప్పుడు సుమ్మా చదువుతా ఉండా" అంది. సుమ్మా అంటే ఊరికే అని. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో చిన్నపిల్లల సెలవు రోజు కనిపించింది.

ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చుంది. నా రైలు వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర చోటు పట్టుకుని, చెయ్యి ఊపాను. ఆమె చూడలేదు. అప్పటికే పుస్తకం తెరిచింది. దిగినవాళ్ళు ఆమెను దాటుకుంటూ పోతున్నారు, పూలమ్మే మనిషి ఆమె ముందే ఆగి కేకేస్తోంది. రైలు కదిలింది. అక్క తల వంచుకుని, వేలు కొద్దిగా తడి చేసుకుని, పేజీ తిప్పింది.